దరోగా పుస్తకం

2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు మేం కావలిలో ఉన్నాం. ఒక దినపత్రికకి విలేకరి పని. మక్కా మసీదుకీ మాకూ మధ్య దాదాపు నాలుగొందల కిలోమీటర్లు. అయినా ఆ సాయంత్రం రోజూ కూచునే టీ బంకు దగ్గరికి వెళితే బల్ల మీద నడుస్తున్న మాట టక్కున ఆగిపోయింది. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. మాట ఆగిపోయింది, అంతే. నమాజుకి వెళ్లి చచ్చిపోయినవాళ్లు మావాళ్లు. అనుమానం కూడా మామీదే. పోలీసులు పట్టుకుపోయిన కుర్రాళ్లు చాలామంది తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో ప్రభుత్వం నష్టపరిహారంతో పాటు వీళ్ల మీద మచ్చ లేదని కాగితాలు కూడా పంచింది. మచ్చ లేదని కాగితం! మీలో ఎంతమంది ఇళ్లల్లో ఉంది అలాంటి కాగితం?

ఆ మరుసటి ఏడాది మా ఎడిటర్ ఫోన్ చేశాడు. మంచివాడే. ఇప్పటికీ పండక్కి సేమ్యా అడిగి మరీ తింటాడు.

"ఆదివారం అనుబంధంలో 'చీకటి నగరం' అని శీర్షిక పెడుతున్నాం. నవాబుల కాలంలో షహర్లో సానివాడలు, కల్లు అంగళ్లు, దొంగలు, కత్తిపోట్లు... మీవాళ్ల పుస్తకాల్లో బోలెడు ఉంటాయి గదా. నీకు ఉర్దూ వచ్చు. తవ్వి రాయి సాయిబూ."

మీవాళ్లు! మా దాదా తుమ్మలపెంట రేవులో ఎండుచేపలు కొని సైకిలు మీద కావలికి తెచ్చి అమ్మేవాడు. మా అబ్బా మిషను కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, వీధిలో నెల్లూరు తెలుగు. అప్పటికి గోల్కొండ కోటని మేం రెండుసార్లు చూశాం. అదీ టికెట్టు కొనుక్కునే. నవాబు మాకు చుట్టమని ఎడిటర్‌కి ఎవరు చెప్పారో!

ఇక్కడ ఒక మాట. మా రాతలో 'నేను' రాదు. ఎందుకు రాదని ఇదే ఎడిటర్ ఒకసారి అడిగాడు. టీ బంకు దగ్గర మాట ఆగినప్పుడు ఆ బల్ల మీదివాళ్లు మమ్మల్ని ఒక్క మనిషిగా చూశారా? అందుకని మేం కూడా మేమే.

సరే, రాస్తామన్నాం. డబ్బులిస్తారు. పైగా దాచుకోవడం ఎందుకు, అలాంటి పుస్తకాలంటే మాకూ ఇష్టమే. రాజుల పట్టాభిషేకాలు ఎవరు చదువుతారు? ఊరు నిద్రపోయాక ఎవరు మేలుకున్నారు, ఎవరు ఎవర్ని అమ్ముకున్నారు, ఏ సందులో దీపం వెలిగింది... ఇవి చదువుతుంటే పాత నగరం ఊపిరి తీస్తున్నట్టుంటుంది. బి.ఏ. చదివేటప్పుడు నెల్లూరు ట్రంకురోడ్డులో పాత పుస్తకాల కుప్పల ముందు గొంతుక్కూచుని అలాంటివి ఏరుకునేవాళ్లం.

ముందు తవెర్నియేని పట్టుకున్నాం. ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు. 17వ శతాబ్దంలో వజ్రాల కోసం గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చాడు. చూసిందీ విన్నదీ 1676లో అచ్చు వేయించాడు. భాగ్‌నగరంలో, అంటే హైదరాబాదులో, దరోగా పుస్తకంలో పేరు ఎక్కించుకున్న వెలయాండ్రు 20 వేలకి పైనే అంటాడు. పుస్తకంలో పేరు లేకపోతే ఆ బతుకు బతకడానికి వీల్లేదు. పన్ను లేదు. కానీ శుక్రవారం నాడు వాళ్లలో కొందరు రాజుగారి మేడ ముందు మైదానంలోకి వచ్చి ఆడాలి. పొద్దు చల్లబడ్డాక గుమ్మాల్లో నిలబడతారు. చీకటి పడితే దీపం పెడతారు. కల్లు అంగళ్లు తెరిచేదీ అప్పుడే. తోలు తిత్తుల్లో కల్లు నింపుకుని రోజుకి 500, 600 గుర్రాలు ఊళ్లోకి వస్తాయట. కల్లు మీద వచ్చే రాబడి కోసమే ఇంతమంది ఆడవాళ్లని ఉండనిస్తున్నారని కారణం కూడా ఆయనే చెప్పాడు. (20 వేలు అన్నది ఆయన లెక్కపెట్టిన లెక్క కాదు, ఎవరో చెప్పిందే అయ్యుంటుంది. వర్తకులకి గుండు లెక్కలంటే ఇష్టం.)

రాబడి మాట చదివినప్పుడు మాకు గోల్కొండ కాదు, మా జిల్లా దూబగుంట గుర్తొచ్చింది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా అంగడి మూయించినప్పుడు సర్కారు చెప్పుకున్న బాధ కూడా రాబడి గురించే. మూడు వందల ఏళ్లలో సుల్తాను పోయి సెక్రటేరియట్ వచ్చింది.

తవెర్నియే పుస్తకంలో ఆ తర్వాత వచ్చే సంగతి దగ్గర మేం ఆగిపోయాం. రాజు మచిలీపట్నం వెళ్లినప్పుడు ఈ ఆడవాళ్లలో తొమ్మిది మంది కలిసి ఏనుగు అయ్యారట. నలుగురు నాలుగు కాళ్లు. నలుగురు ఒళ్లు. ఒకామె తొండం. పైన సింహాసనం లాంటిది పెట్టారు. రాజు దాని మీద కూచుని ఊళ్లోకి వచ్చాడు. తవెర్నియే దాన్ని ఆ ఆడవాళ్ల చాకచక్యానికి ఉదాహరణగా చెబుతాడు.

మచిలీపట్నం ఎండ మాకు తెలుసు. మా తీరం ఎండే అది. మధ్యాహ్నం ఇసుకలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వెయ్యలేం. ఏనుగు ముందు కాలు అయిన ఆమె ఎవరు? ఎంత దూరం నడిచింది? తొండం అయిన ఆమె మెడ ఆ రాత్రి ఎలా ఉంది? దరోగా పుస్తకంలో వాళ్ల పేర్లు ఉండే ఉంటాయి. ఆ పుస్తకం మనకి లేదు. తవెర్నియే పుస్తకం ఉంది, అందులో పేర్లు లేవు.

ఇది రాస్తే ఏమవుతుందో ముందే తెలుసు. 'చూశారా సుల్తానుల భోగం' అని ఒకవైపు. 'పరాయివాడు అల్లిన అబద్ధం, దాన్ని మనవాడే తెలుగులో పెట్టాడు' అని మా పెద్దలు. ఇద్దరూ చూసేది పైన కూచున్నవాణ్ణే. కింద మోసినవాళ్లని ఎవరికి వాళ్లు వదిలేస్తారు. మేం ఎవరి తరఫున రాయాలి? రాజుది మా మతం కాబట్టి రాజు పరువు మేం మోయాలా? ఇప్పటికే తొమ్మిది మంది మోశారు.

ఆ బెంగతోనే దర్గా కులీ ఖాన్‌ని తెరిచాం. దక్కను మనిషి. నిజాముల్ ముల్క్ వెంట ఢిల్లీ వెళ్లి 1738 నుంచి 1741 దాకా ఉన్నాడు. మధ్యలో 1739లో నాదిర్షా వచ్చి ఢిల్లీని కోసి పోయాడు. ఆయన ఫార్సీలో రాసిపెట్టింది ఇప్పుడు 'మురఖ్ఖా-ఎ-దిల్లీ' అని పేరు. ఉర్దూ అనువాదంలో చదివాం. దర్గాలు, బజార్లు, ముషాయిరాలు, తాగుబోతు మెహఫిళ్లు, నాచ్‌వాళ్లు, మగపిల్లల వెంట తిరిగే అమీర్లు... ఏదీ దాచలేదు. కానీ ఇక్కడ పేర్లున్నాయి. నూర్‌బాయి ఉంది, ఏనుగు మీద తిరిగేది. అద్ బేగం ఉంది, పైజామా తొడుక్కోకుండా పైజామా మీది అద్దకాలన్నీ కాళ్ల మీదే రంగులతో వేయించుకునేది. ఒకరి గొంతు, ఇంకొకరి వాద్యం, మరొకరి మాటకారితనం... మనిషికొక రెండు మాటలైనా రాశాడు. ఇక్కడ నూర్‌బాయి ఏనుగు ఎక్కింది. అక్కడ తొమ్మిది మంది ఏనుగు అయ్యారు.

అలాగని మరీ మురిసిపోలేదు. పేరు ఎవరికి దక్కింది? మెహఫిల్‌కి పిలిచే స్తోమత ఉన్నవాళ్లకి. నూర్‌బాయి పల్లకీ మోసినవాడికి దర్గా కులీ ఖాన్ దగ్గర కూడా పేరు లేదు.

ఇవి తెలుగులో రాయడానికి కూచుంటే ఒక చిత్రం కనిపించింది. మాటలు వెతుక్కునే పనే లేదు. దరోగా, కొత్వాలు, ఫిర్యాదు, జామీను, జప్తు, ఖైదు, జవాను, హాజరు... అన్నీ తెలుగులో సిద్ధంగా ఉన్నాయి. అన్నీ మా ఇంటి మాటలే. మా భాషకి తెలుగులో స్థలం దొరికింది ముందు కచేరీలో, ఠాణాలో. 'ముద్దాయి' సంగతి చూడండి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు పెట్టినవాడు. తెలుగులోకి వచ్చేసరికి వాడే నేరం మోపబడినవాడు అయ్యాడు. ఎడిటర్‌కి చెబితే పగలబడి నవ్వాడు. మేమూ నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి పోతూ హైదరాబాదులో దిగాడు. ఆయుధాలు కట్టుకుని తిరిగే ఆ షహరు మనుషుల గురించి బెదురుతూనే రాశాడు. తిరిగొచ్చేటప్పుడు మా నెల్లూరు మీదుగానే వెళ్లాడు. అదంతా శీర్షికకి ఒక వారం సరిపోతుంది. లండన్‌లో హెన్రీ మేహ్యూ అని మా వృత్తివాడే, 1849 నుంచి పేదల సందులన్నీ తిరిగి వాళ్లతో మాట్లాడించి, చెప్పింది చెప్పినట్టు పత్రికలో వేశాడు. 1851 నుంచి అవి పుస్తకాలయ్యాయి. ఆకుకూర కట్టలు అమ్మే ఎనిమిదేళ్ల పిల్ల చేత తన బతుకు తానే చెప్పించాడు. ఆ పిల్ల పేరు మాత్రం ఆయన కూడా రాయలేదు.

చివరికి ముల్లలీ దొరికాడు. మద్రాసు పోలీసు అధికారి. మద్రాసు రాజధానిలోని 'నేరస్త వర్గాల' మీద 1892లో పుస్తకం వేశాడు. ఎవరు ఎలా ఉంటారు, ఎలా దొంగతనం చేస్తారు, ఎలా గుర్తుపట్టాలి. అందులో ఎరుకలవాళ్లు ఉన్నారు. నగరాల చీకటిని చూసి భయపడ్డ దొరలకి ఆ చీకటి ఎక్కణ్ణించి వస్తోందో చూపించడానికి కొన్ని కులాలు కావలసి వచ్చాయి. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరజాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానిక్కూడా వచ్చింది. పుట్టుకే నేరం. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, వేలిముద్ర పడుతుంది. ఆ తర్వాత సెటిల్‌మెంట్లు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీవాళ్లది. ఇంకొకటి మా కావలిలోనే, అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపింది. దేశం మొత్తం మీద ఆ చట్టం పోయింది 1952లో.

కావలి మాట చదివి, అప్పటికి ఎనభై దగ్గరపడ్డ మా దాదీమాని అడిగాం. సెటిల్‌మెంట్ తెలుసా అని.

"తెలియకపోవడమేంది బేటా. నేను కోడలిగా వచ్చిన కొత్తల్లో ఒక ఎరుకలామె బుట్టలు, చాటలు తెచ్చేది. చీటీ చూపించి వచ్చేది. బేరం సగంలో ఉండగానే లేచిపోయేది. పొద్దుగూకుతోంది, హాజరుకి పోవాలమ్మా అనేది. నాకు అప్పటికి తెలుగు సరిగ్గా రాదు. ఆమె మాటల్లో నాకు అర్థమయ్యే మాట అదొక్కటే. హాజర్. ఓ తో హమారిచ్ లఫ్జ్!"

దాదీమా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. చాలాసేపటికి మిగతాది చెప్పింది. ఒకరోజు ఇంట్లో ఇత్తడి లోటా కనపడలేదు. వజూ చేసుకునే లోటా, టూటీ ఉన్నది. ముందురోజు ఎరుకలామె వచ్చిపోయింది. దాదీమా అత్తగారు వీధిలో పోయే జవానుని పిలిచి చెప్పింది. 'నువ్వు చూశావా' అని జవాను దాదీమాని అడిగితే, కొత్త కోడలు అత్త మొహం చూసి తలూపింది.

"చూశావా మరి?"

"నై బేటా. చూడలేదు."

ఆ ఎండాకాలం బావి పూడిక తీయిస్తే బురదలో లోటా దొరికింది. తోడేటప్పుడు ఎవరి చేతిలోంచో జారి పడింది. అప్పటికి ఎరుకలామె రావడం మానేసి మూడు నెలలు. ఆమెకి ఏమయిందో మా ఇంట్లో ఎవరూ కనుక్కోలేదు. లోటా దొరికిందని కూడా ఎవరూ వెళ్లి చెప్పలేదు.

"ఆమె పేరేంది దాదీమా?"

"ఎరుకల్ది అనేవాళ్లం."

ఇదంతా కలిపి రాసి పంపాం. తొమ్మిది మంది ఏనుగు, నూర్‌బాయి, ముల్లలీ, మా లోటా. ఆదివారం చూస్తే తవెర్నియే ఒక్కడే ఉన్నాడు. 20 వేలు అన్న అంకె పెద్దక్షరాల్లో, పక్కన రాత్రిపూట చార్మినార్ ఫోటో. కావలి భాగం ఏమయిందని ఫోన్ చేస్తే, "అది నగరం కాదు గదా సాయిబూ. నవాబు కూడా లేడు అందులో. మరీ ఇంటి గొడవలా ఉంది" అన్నాడు ఎడిటర్. మేం గట్టిగా పోట్లాడలేదు. లోపల ఒక మూల హమ్మయ్య అనుకున్నాం కూడా. టీ బంకు దగ్గర బల్ల మీద వాళ్లు ఆ లోటా కథ చదవకపోవడమే మంచిదనిపించింది. అనుమానించి చూపే చూపు ఎలా ఉంటుందో మాకు తెలుసని ఊరంతా చెప్పుకుంటాం. ఆ చూపు మా గుమ్మంలోంచి కూడా వెళ్లిందని చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

దాదీమా పోయి చాలా కాలమైంది. లోటా మా ఇంట్లోనే ఉంది. టూటీ దగ్గర చిన్న సొట్ట, బావి రాళ్లకి తగిలింది. ఫజర్‌కి లేచి దాంట్లోనే నీళ్లు పట్టుకుంటాం.