నైఫ్ కోట దాకా తోడు

మా వీధి చివర మట్టిరంగు కోట ఒకటి ఉంది. 1939లో కట్టిన నైఫ్ కోట. 1956లో దుబాయ్ పోలీసు శాఖ మొదలైంది ఇందులోనే. ఇప్పుడు అక్కడ చిన్న మ్యూజియం, దాన్ని ఆనుకుని పోలీస్ స్టేషన్ ఉన్నాయి. పర్యాటకులు బురుజు ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటారు. మా బిల్డింగు మూడో అంతస్తులో ఉండే జగిత్యాల అమ్మాయి మాత్రం మూడేళ్లపాటు ఆ కోట ముందు నుంచి నడవలేదు. సబ్ఖా బస్టాండు వైపు పోవాలంటే వెనక సందుల్లోంచి చుట్టు తిరిగి వెళ్లేది. కొడుక్కీ అదే దారి నేర్పింది.

నేను ముందు చూసింది ఆ కొడుకునే. తొమ్మిదేళ్లు ఉంటాయి. బడి ఉండే రోజున, బడి ఉండే వేళకి, కింద కిరాణా షాపు మెట్టు మీద కూర్చుని ఆగి ఉన్న కార్ల నంబర్లు చదువుతున్నాడు. అరబ్బీ అంకెలు కూడా తనంతట తనే పట్టేశాడు. ఒక కారు నంబరుకి ఇంకో కారు నంబరు కలిపి, కూరగాయల అట్టపెట్టె ముక్క మీద పెన్నుతో రాసి చూపించాడు. కూడిక తప్పు లేదు. "ఏ క్లాసు నాన్నా?" అని అడిగాను. అట్టముక్క వెనక్కి దాచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

వాళ్ల నాన్న ఒక గోదాములో స్టోర్‌కీపర్. ఇక్కడ భార్యాబిడ్డల్ని తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 4,000 దిర్హాముల జీతం ఉండాలి, కంపెనీ ఇల్లిస్తే 3,000 చాలు. ఆయన జీతం ఆ గీతకు కాస్త పైనే ఉండేది. కరోనా తర్వాత 2021లో ఆ కంపెనీ మూతపడింది. జీతం బకాయి పడింది. దాచమని ఇచ్చిన పాస్‌పోర్టు యజమానితో పాటే మాయమైంది. వీసా గడువు దాటింది. దాటినవాళ్లకి ఇప్పుడు మనిషికి రోజుకు 50 దిర్హాముల జరిమానా. ముగ్గురికి 150. ఒక్క ఏడాదికి లెక్కేస్తే 54,750. మూసిన కంపెనీ స్టోర్‌కీపర్ అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తాడు? కట్టలేనివాడు కదలలేడు, కదలని ప్రతిరోజూ ఇంకో 150 కలుస్తుంది. ఆ చీకట్లోనే ఒక పాప పుట్టింది. పాప లెక్క వేరు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇలాంటివాళ్లని 'కల్లివెల్లి' అంటారు. పోనీ, వదిలేయ్ అని అరబ్బులు వాడే మాట అది. మనవాళ్ల నోట్లో అది మనిషికి పేరైపోయింది. 'మా బావ కల్లివెల్లి అయిండు' అంటే కాగితాలు లేకుండా తిరుగుతున్నాడని. మగవాళ్లకి పెట్టిన ఆ పేరు నడక కూడా రాని పిల్లలకీ అంటుకుంటుందని నాకు ఈ ఇంటిని చూశాకే తట్టింది. ఆయన రాత్రిళ్లు సబ్ఖాలో కార్గో మూటలు ఎత్తేవాడు. ఆమె రెండు బ్యాచిలర్ రూములకి వండి క్యారేజీలు కట్టేది. పార్టిషన్ చెక్కల మధ్య ఒక మంచం, ఒక స్టవ్వు, నలుగురు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. 2016లో మా ఎదురు ఫ్లాట్‌లో ఒక తెలుగింటి ఆడపిల్ల రాత్రుళ్లు దెబ్బలు తినేది. గోడకివతల నాకు వినపడేది. వాళ్ల పాప ఏడుపు ఇంకా బాగా వినపడేది. భార్యాభర్తల మధ్య మనకెందుకన్నారు అందరూ. నేనూ ఊరుకున్నాను. ఆ ఏడాదే ఈ దేశంలో వదీమా చట్టం వచ్చింది. 2012లో కన్నతండ్రి చేతిలో హింసపడి చనిపోయిన ఎనిమిదేళ్ల పాప పేరది. ఏ దేశం పిల్లలైనా, ఏ మతం పిల్లలైనా రక్షణ ఒకటేనని ఆ చట్టం చెప్తుంది. దెబ్బలు తిన్న ఆడవాళ్లకి, పిల్లలకి ఆశ్రయమిచ్చే దుబాయ్ ఫౌండేషన్ ఫర్ విమెన్ అండ్ చిల్డ్రన్ అప్పటికే, 2007 నుంచే, పనిచేస్తోంది. తల్లీబిడ్డల్ని విడదీయకుండా ఉంచుతారు, వకీలునీ కౌన్సెలర్‌నీ వాళ్లే చూస్తారు. ఫోన్ నంబరు 800111. ఇన్నేళ్లు దుబాయ్‌లో ఉండి ఆ ఆరంకెలు నాకు తెలియవు. ఆ అమ్మాయి పాపనెత్తుకుని ఇండియా వెళ్లిపోయిందని విన్నాను. ఎలా ఉందో ఎవర్నీ అడగలేదు, అడిగే ముఖం లేక.

అందుకే ఈ జగిత్యాల అమ్మాయి సంగతి తెలిసినప్పుడు ఈసారి ఊరుకోకూడదనుకున్నాను. అనుకుని, అందరూ చేసేదే చేయబోయాను. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి మెసేజ్ రాశాను. పిల్లవాడి ఫొటో, నా అకౌంటు నంబరు, తలా యాభై వేయమని. పంపేముందు కింద షాపు ఇక్కాకి చూపించాను.

ఆయన మలయాళీ. వాళ్ల భాషలో ఇక్కా అంటే అన్న, ఇక్కడివాళ్లందరికీ ఆయన ఇక్కాయే. 2020 ఏప్రిల్‌లో నైఫ్‌నీ పక్కనున్న అల్ రాస్‌నీ మూసేసి ఎవర్నీ బయటికి రానివ్వని రోజుల్లో, మలయాళీల సేవాసంస్థ కేఎంసీసీ వలంటీర్లతో కలిసి లిఫ్టులేని బిల్డింగులెక్కి అన్నం పొట్లాలు, బీపీ మాత్రలు గుమ్మాల ముందు పెట్టి వచ్చిన మనిషి. నా ఫోను చూసి తల అడ్డంగా తిప్పాడు. ఇక్కడ చందా ఎవరుపడితే వాళ్లు వసూలు చేయకూడదు. దుబాయ్‌లో 2015 నుంచి, దేశమంతటా 2021 చట్టంతో, లైసెన్సున్న సంస్థలే విరాళాలు సేకరించాలి. తప్పితే జైలు, లక్షల్లో జరిమానా. "ఆ ఇంటి కష్టం తీర్చబోయి నీ ఇంట్లో ఇంకో కేసు తెచ్చుకుంటావు" అన్నాడు. తర్వాత ఆయన అడిగిన మాటే నన్ను ఆపింది. "ఆమెకు కావలసింది డబ్బా? అడిగావా?"

అడగలేదు. డబ్బున్న ధర్మసంస్థలు ఇక్కడ తక్కువేం కావు. రెడ్ క్రెసెంట్ ఉంది, దార్ అల్ బెర్ ఉంది, 1989 నుంచి నడుస్తున్న బైత్ అల్ ఖైర్ ఉంది. రంజాన్ నెలలో నైఫ్‌లో ఆకలితో పడుకున్నవాడు ఉండడు. కానీ ఆ ఇంటికి బియ్యం మూటతో పని తీరదు. గుమ్మం దాటి బయటికి రావడానికి కావలసిన ధైర్యం వాళ్ల దగ్గర లేదు. ఏ సంస్థా దాన్ని మూటకట్టి పంపలేదు.

మన తెలుగువాళ్ల దానగుణం గురించి నాకొక బాధ ఉంది. చావు దగ్గర మనం ఎంత దూరమైనా వెళ్తాం. శవపేటిక ఇంటికి చేరాలంటే రాత్రికి రాత్రి మనుషులు కదులుతారు. ప్రభుత్వాలూ అక్కడే ముందు కదిలాయి. 2009లో భారత ప్రభుత్వం పెట్టిన సంక్షేమ నిధి నుంచి మృతదేహం పంపే ఖర్చు ఇస్తారు. 2024లో దుబాయ్ కాన్సులేట్ కార్మికుల కోసం ఏడాదికి 37 దిర్హాముల నుంచి మొదలయ్యే బీమా తెప్పించింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి ఇంటికి 5 లక్షల రూపాయలు ప్రకటించింది. ఇవన్నీ కావలసినవే. ఎన్నో ఏళ్లు కొట్లాడితే వచ్చినవి. మరి తండ్రి బతికే ఉండి, రాలేని ఇళ్ల మాటేమిటి?

సిరిసిల్ల ప్రాంతంవాళ్లు ఐదుగురు 2005లో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో ఇక్కడి జైలుకు వెళ్లారు. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ దాకా పోయి, ఆ కాపలాదారు కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇచ్చి క్షమాపత్రం తెచ్చారు. అయినా వాళ్లు ఇల్లు చేరింది 2024 ఫిబ్రవరిలో. 18 ఏళ్లు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దృశ్యాలు టీవీలో చూస్తూ నేను ఆ తండ్రుల ముఖాలు చూడలేకపోయాను, ఎదురొచ్చిన పిల్లల్నే చూశాను. ఉగ్గుపాల వయసులో వదిలి వచ్చిన పిల్లలు పెళ్లీడుకొచ్చి ఎదురయ్యారు. ఆ మధ్య కాలంలో వాళ్ల బడి ఫీజు, జ్వరం మందు, పండగ బట్ట ఎవరు చూశారో ఏ వార్తలోనూ ఉండదు. తల్లులు చూసి ఉంటారు. బీడీలు చుట్టి.

2024 సెప్టెంబర్ 1 నుంచి ఈ దేశంలో క్షమాభిక్ష అమల్లోకి వచ్చింది. కాగితాలు లేనివాళ్లు జరిమానా కట్టనక్కర్లేదు, మళ్లీ రావద్దనే నిషేధమూ ఉండదు. అక్టోబర్ ఆఖరుకి గడువు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. ఆ వార్త పట్టుకుని పరుగున వాళ్ల గదికెళ్లాను. ఆ ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె అంది, "అక్కా, అండ్లకు పోతే మళ్ల బయటికి రానిస్తరా? పిల్లలను నా కాన్నుంచి గుంజుకుంటరేమో."

మూడు వారాలు అలాగే గడిచాయి. నేను ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేశాను, 80046342. 2010లో ఇండియన్ వర్కర్స్ రిసోర్స్ సెంటర్ పేరుతో మొదలైన కేంద్రం అది. ఏమేం కావాలో వరసగా చెప్పారు. పోయిన పాస్‌పోర్టు బదులు ఔట్‌పాస్, అంటే ఇండియా వెళ్లడానికి మాత్రం పనికొచ్చే ప్రయాణపత్రం, ఇవ్వాలంటే ముందు పోలీసుల దగ్గర పాస్‌పోర్టు పోయిందన్న కాగితం తేవాలి. పోలీసుల దగ్గరంటే మా వీధి చివర కోటే. అది చెప్పగానే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అడిగింది. "నువ్వు అస్తవా?"

వెళ్లాం. ఆమె, ఆయన, చంకలో పాప, పిల్లవాడు, నేను, ఇక్కా. షాపు మూసి మరీ వచ్చాడు ఇక్కా. మా బిల్డింగు నుంచి కోట దాకా ఆరు నిమిషాల నడక. మాకు అరగంట పట్టింది. రెండుచోట్ల ఆయన ఆగిపోయాడు, ఒకచోట వెనక్కి తిరిగాడు కూడా. ఇక్కా ఏమీ అనకుండా పక్కన నిలబడ్డాడు. లోపల ఒక యువకుడు ముందు నీళ్ల సీసాలిచ్చి తర్వాత వివరాలడిగాడు. గంటలో కాగితం చేతికొచ్చింది. మూడేళ్లు చుట్టు తిరిగి నడిచింది ఈ గంట కోసమా అన్నట్టు ఆమె ఆ గది గోడల్ని చూస్తూ ఉండిపోయింది.

పాప సంగతి అంత తేలిగ్గా తేలలేదు. విదేశంలో పుట్టిన మన బిడ్డని ఏడాదిలోగా కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. వీళ్లు భయపడి ఎక్కడా నమోదు చేయించలేదు. పాపకున్న ఒకే ఒక్క ఆధారం ప్రసవమప్పుడు ఇచ్చిన చీటీ. దాని మీద పేరు గడిలో 'బేబీ ఆఫ్' అని, పక్కన తల్లి పేరు. ఇంట్లో అందరూ 'చిన్ని' అంటారు. ఫారం నింపుతున్నామె పేరేమిటని అడిగితే తల్లి, తండ్రి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బారసాల చేయలేదు, చేయడానికి పిలిచేవాళ్లు లేరు. ఆమె వాళ్లమ్మ పేరు చెప్పింది. ఫారం మీద అది రాస్తుంటే పిల్లవాడు వంగి అక్షరం అక్షరం చదివాడు. మూడేళ్ల చెల్లిని అప్పుడే మొదటిసారి ఆ పేరుతో పిలిచాడు. చిన్ని పలకలేదు.

ఆ కాగితాలకోసం కాన్సులేట్ చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. అల్ అవీర్ ఇమిగ్రేషన్ కేంద్రంలో వేలిముద్రల క్యూలో ఒక రోజంతా. నా ఆఫీసులో సెలవులు అయిపోతే మా ఆయన వెళ్లాడు, ఆయనకి కుదరనప్పుడు ఇక్కా. ఎవరూ చెయ్యి జాపి ఎవర్నీ చందా అడగలేదు. నవంబర్ చివర నలుగురూ విమానమెక్కారు.

ఇంటికి చేరాక ఫోన్లో ఆమె గొంతు మళ్లీ వణికింది. పిల్లవాడికి పదేళ్లు, చదివింది ఒకటో క్లాసు, టీసీ లేదు. ఎవరో ఒకటిలోనే కూర్చోబెడతారన్నారట. నేను విద్యాహక్కు చట్టం తీసి చదివి వినిపించాను. 2009లో వచ్చిన చట్టం. టీసీ లేదని, వయసు రుజువు లేదని బడి కాదనకూడదు. మధ్యలో చదువాగిన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. గల్ఫ్ కార్మికుల పిల్లలకి గురుకులాల్లో చోటిస్తామని కూడా తెలంగాణ ప్రభుత్వం 2024లోనే చెప్పింది. ఆ దరఖాస్తు పెట్టే లోపు ఊళ్లో సర్కారు బడికి పొమ్మన్నాను. "ఒక్కదాన్నే పోవాల్నా అక్కా?" అంది. వాళ్ల పక్కింటావిడకి ఫోన్ ఇమ్మన్నాను. ఆవిడ తోడు వెళ్లింది. ఐదో తరగతిలో చేర్చుకున్నారు.

జనవరిలో ఆమె ఒక ఫొటో పంపింది, వాడి లెక్కల నోటుపుస్తకం పేజీ. ఎనిమిది కూడికలు. ప్రశ్నలు మామూలు అంకెల్లో ఉన్నాయి. జవాబులు వాడు అరబ్బీ అంకెల్లో వేశాడు, నైఫ్‌లో నేర్చుకున్నట్టే. ఎనిమిదింటికీ ఎర్ర సిరాతో టిక్కులున్నాయి. అడుగున పంతులుగారు రాసిన మాట సరిగా కనబడక ఫొటో పెద్దది చేసి చూశాను: 'ఇవి ఎక్కడి అంకెలు? రేపు బోర్డు మీద రాసి అందరికీ నేర్పు.'