ఇండియన్ బండి, కొండగాలి

ఇన్వర్‌కార్గిల్‌లో ఈ. హేస్ అని ఒక హార్డ్‌వేర్ కొట్టు ఉంది. సుత్తులు, మేకులు, గార్డెన్ సామాన్ల మధ్య అక్కడ పాత మోటారు సైకిళ్ళు కూడా కొలువుతీరి ఉంటాయి. ఏప్రిల్ సెలవుల్లో పిల్లలను తీసుకెళ్ళాను. "ఇదే బర్ట్ మన్రో నడిపిన ఇండియన్ స్కౌట్" అని చూపిస్తే మా పెద్దమ్మాయి, "మన దేశం బండా నాన్నా?" అంది. కాదమ్మా, అమెరికా కంపెనీ పేరే ఇండియన్ అన్నాను. పాపం, కాస్త నీరసపడింది.

మన్రో కథ 2005లో సినిమాగా వచ్చింది కాబట్టి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1920 నాటి బండిని దశాబ్దాల పాటు సొంత షెడ్డులో చెక్కుకుంటూ, పిస్టన్లు కూడా తనే పోతపోసుకుంటూ, 1967లో బానవిల్ ఉప్పుమైదానంలో గంటకు 295 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో రికార్డు కొట్టాడు. అప్పటికి ఆయనకు 68 ఏళ్ళు! సినిమా చూసేటప్పుడు మనకు తట్టని సంగతి ఒకటుంది. ఇన్వర్‌కార్గిల్ సముద్రమట్టానికి ఆనుకుని ఉన్న ఊరు. బానవిల్ దాదాపు 1,280 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పల్చన. ఏ కార్బ్యురేటర్ బండినైనా అక్కడ మళ్ళీ సరిచూసుకోవాల్సిందే.

పిల్లలూ, ఇది చారు లెక్క. నీళ్ళు తగ్గించి చింతపండు మాత్రం అంతే వేస్తే ఏమవుతుంది? ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి తగ్గుతుంది, కార్బ్యురేటర్ మాత్రం పెట్రోలు దాదాపు అంతే పోస్తుంది. పొగ నల్లగా వస్తుంది, స్పార్క్ ప్లగ్గుకు మసి పడుతుంది, బండి ఆయాసపడుతుంది. అందుకని లోపలి మెయిన్ జెట్ తీసి, ఇంకా సన్న రంధ్రం ఉన్నది బిగిస్తారు. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో ఆ పని సెన్సర్లే చూసుకుంటాయి. అయితే గాలి తగ్గినందుకు తగ్గే బలాన్ని ఏ జెట్టూ తెచ్చిపెట్టలేదు.

జెట్ మార్చడం కన్నా, దిగాక పాతది తిరిగి పెట్టడం ముఖ్యం. 2001లో నేనూ, మా ఫ్రెండూ అద్దెబండి మీద లేహ్ వెళ్ళాం. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు. అక్కడ గాలి మన ఊళ్ళో ఉన్నదాంట్లో సగమే. బయల్దేరేటప్పుడే మనాలీలో మెకానిక్ సన్న జెట్ వేసి, పాతది కాగితంలో చుట్టి ఇచ్చి, "కిందికి రాగానే మార్చుకోండి" అన్నాడు. రేపు చూద్దాంలే అనుకున్నాను. మైదానంలో జూన్ ఎండ, ఖాళీ రోడ్డు, నా తొందర. పెట్రోలు చాలక ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. నాకు మోకాళ్ళు గీరుకున్నాయంతే, వెనక కూర్చున్న వాడికి కాలర్ బోన్ విరిగింది. పాత జెట్ నా చొక్కా జేబులోనే ఉంది. వాడు ఇప్పటికీ నన్నొక్క మాట అనలేదు.

ఇక మన క్రౌన్ రేంజ్ సంగతి. వనాకా నుంచి క్వీన్స్‌టౌన్ వైపు వెళ్ళే ఈ దారి న్యూజిలాండ్ ప్రధాన తారు రోడ్లలో అన్నిటికన్నా ఎత్తైనది. ఎంతో తెలుసా? సుమారు 1,100 మీటర్లు. మదనపల్లె దగ్గర మన హార్స్‌లీ హిల్స్ ఇంతకంటే ఎత్తు! కాబట్టి జెట్ జోలికి పోలేదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేశాను. ప్లగ్ తీసి చూస్తే గోధుమరంగులో ఉంది, అంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టే. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసి, చెయిన్‌కు నూనె పెట్టి, బ్యాటరీ పరీక్షించాను. చలికి ముందు చచ్చేది బ్యాటరీయే.

కానీ ఇక్కడ భయం పల్చటి గాలి కాదు, మంచు. మా అమ్మాయి వెనక కూర్చుంది, మా ఆవిడ, చిన్నాడు కారులో వెనకాలే. కార్డ్రోనా దాటి ఎక్కుతుంటే, కొండనీడ పడిన ఒక మలుపులో రోడ్డు తెల్లగా మెరిసింది. ఆపేశాను.

"నెమ్మదిగా వెళ్దాం నాన్నా, కొంచెమేగా!"

"దిగు."

పదకొండు దాటేదాకా ఫ్లాస్కులో టీ తాగుతూ ఎండ కోసం కూర్చున్నాం. రోడ్డు ఆరింది. అయినా ముందున్న మలుపుల్లో ఎక్కడ నీడ ఉందో నాకేం తెలుసు? అమ్మాయిని కారెక్కించి, ఒక్కణ్ణే బండి మీద పైకి వెళ్ళాను. ఇంజను ఓ పిసరు నీరసంగా లాగింది, అంతే.

శిఖరం దగ్గర మా ఆవిడ ఫొటో తీస్తానంది. అమ్మాయి హెల్మెట్ చంకలో పెట్టుకుని బండికి ఆ పక్కన నిలబడింది. ఆరోటౌన్ చేరేదాకా నాతో మాట్లాడలేదు.