చిన్నబోతున్న చారల చేప

అమెరికా తూర్పు తీరంలో గాలం పట్టిన ప్రతి ఒక్కరి కలా ఒకటే... ఒడ్డున నిలబడి ఓ పెద్ద 'స్ట్రైపర్'ని లాగడం. ఆ కల ఏటికేడు దూరమైపోతోంది. దొంగ ఎవరని వెతికితే వేళ్లు నాలుగు వైపులా చూపిస్తున్నాయి. అందులో ఒక వేలు గాలం పట్టినవాడి వైపే!

న్యూయార్క్ నగరం నుంచి తూర్పుకి వెళ్తూ ఉంటే లాంగ్ ఐలండ్ చిట్టచివర రోడ్డు అయిపోతుంది. ఆ కొసే మాంటాక్. 1796 నాటి దీపస్తంభం, దాని కింద నాచు పట్టిన బండరాళ్లు, ఆ తర్వాత అంతా అట్లాంటిక్. సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయంటే ఇక్కడ రాత్రిళ్లు నిద్రపోనివాళ్లే ఎక్కువ. ఒంటికి అతుక్కున్న రబ్బరు సూటు, తలకి లైటు, జారకుండా మేకులున్న బూట్లు, చేతిలో నిలువెత్తు దాటిన గాలపు కర్ర... ఒక్కో రాయి మీద ఒక్కొక్కరు కొంగల్లా నిలబడి ఉంటారు. అల వచ్చి రొమ్ముదాకా కొట్టి పోతుంది. అయినా కదలరు. ఇంత తంటా ఒక్క చేప కోసం!

దాని పేరు స్ట్రైప్డ్ బాస్. ముద్దుగా స్ట్రైపర్. వెండిరంగు ఒంటి మీద ఏడెనిమిది నల్లటి చారలు, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. ఆకారంలో మన పండుగప్పకి దూరపు చుట్టం అనిపిస్తుంది. మేరీలాండ్ వాళ్లు దీన్ని 'రాక్‌ఫిష్' అంటారు. 1965లో తమ రాష్ట్ర చేపగా కూడా ప్రకటించుకున్నారు. గాలానికి పడిన వాటిలో ప్రపంచ రికార్డు 2011లో కనెక్టికట్ తీరంలో దొరికిన చేపది. 81.88 పౌండ్లు, అంటే 37 కిలోలు. 1891లో నార్త్ కరోలినాలో పట్టిన ఒక చేప 125 పౌండ్లు తూగిందని రికార్డులు చెబుతాయి. ఓ మనిషి బరువు!

అలాంటివి కథల్లోకి వెళ్లిపోయాయి. ఇప్పుడు నలభై పౌండ్ల చేప కనిపించినా ఆ రాత్రంతా దాని గురించే కబుర్లు.

లాబ్‌స్టర్ ఎర... శ్రీమంతుల వేట

ఈ చేపకి కొరత కొత్త కాదు. 1639లోనే మసాచుసెట్స్ వలస పాలకులు ఒక కట్టడి తెచ్చారు. కాడ్, బాస్ చేపల్ని పొలాలకు ఎరువుగా వేయకూడదని! అంతకుముందు మొక్కజొన్న చేలల్లో చేపల్ని పాతిపెట్టేవారన్నమాట. అంత విరివిగా దొరికేవి.

మసాచుసెట్స్ తీరానికి దక్షిణాన కటీహంక్ అని చిన్న దీవి ఉంది. 1864లో న్యూయార్క్ ధనవంతులు కొందరు అక్కడ ఒక చేపల క్లబ్బు పెట్టుకున్నారు. రాళ్ల మీదుగా సముద్రంలోకి చెక్క వంతెనలు కట్టించారు. ఎవరు ఏ వంతెన మీద నిలబడాలో ముందురోజు రాత్రి చీట్లు వేసి తేల్చుకునేవారు. ఎర ఏమిటనుకున్నారు? లాబ్‌స్టర్ తోకలు! ఎర ముక్కలు నీళ్లలోకి విసిరి చేపల్ని దగ్గరికి రప్పించడానికి కూలికి మనుషులు వేరే. ఇవాళ హోటల్లో లాబ్‌స్టర్ తినాలంటే పర్సు చూసుకునే కాలంలో ఇది వింటే నవ్వొస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి చేపలు తగ్గాయి, క్లబ్బు వెలవెలబోయింది. అయినా 1913లో అదే దీవి దగ్గర పడిన 73 పౌండ్ల చేప రికార్డును 1981 దాకా ఎవరూ దాటలేకపోయారు. 

అసలైన దెబ్బ 1970ల్లో తగిలింది. 1973లో జాలర్ల వలలకు దాదాపు 1.47 కోట్ల పౌండ్ల చేప పడితే, పదేళ్లకి, 1983లో, అది 35 లక్షల పౌండ్లకు పడిపోయింది. 1984లో అమెరికా కాంగ్రెస్ ఈ ఒక్క చేప కోసం ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. 1985 నుంచి మేరీలాండ్ ఐదేళ్లపాటు వేటను పూర్తిగా ఆపేసింది. పడవలు ఒడ్డెక్కాయి. జాలర్లు తిట్టుకున్నారు. కానీ మందు పనిచేసింది! 1995లో 'చేప కోలుకుంది' అని ప్రకటించారు. మత్స్యశాఖలు గర్వంగా చెప్పుకునే కథల్లో ఇదొకటి. బహుశా ఆ గర్వమే తర్వాత కొంప ముంచింది. ఒకసారి బాగుచేశాం కదా అన్న ధీమాతో, రెండోసారి హెచ్చరికలు వచ్చినప్పుడు ఎవరూ తొందరపడలేదు.

పులస బంధువేమీ కాదు... కానీ

పుస్తెలమ్మైనా తినాలనే పులస కథ గోదావరి జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు. సముద్రంలో ఇలస, వరద గోదారికి ఎదురీది వస్తే పులస. చారల చేపదీ అదే తీరు. బతుకంతా ఉప్పునీళ్లలో, పుట్టిల్లు మాత్రం మంచినీళ్లలో. హడ్సన్, డెలావేర్ నదులు కొంత పుట్టిల్లే అయినా అసలు ఉయ్యాల చెసపీక్ అఖాతం. పొటోమాక్, చాప్టాంక్, సస్క్వెహానా లాంటి నదులు అందులో కలుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద ఆడచేపలు ఆ నదుల్లోకి ఎక్కి గుడ్లు పెట్టి, మళ్లీ సముద్రంలో దిగి, ఎండాకాలమంతా ఉత్తరాన కేప్ కాడ్, మెయిన్ దాకా తిరుగుతాయి. చలికాలానికి మళ్లీ దక్షిణానికి. మాంటాక్ రాళ్ల మీద నిలబడినవాడు పట్టేది దారినపోయే ఈ బాటసారినే.

నదిలో ఆ గుడ్డు రెండు మూడు రోజులు ప్రవాహంలో తేలుతూ ఉండాలి. నీళ్లు నిలిచిపోతే అడుక్కి దిగి బురదలో కూరుకుపోతుంది. పిల్ల బయటికొచ్చిన ఆ కొద్ది రోజుల్లోనే నీళ్లలో కంటికి ఆనని సూక్ష్మజీవులు దండిగా ఉండాలి. ఇదంతా కుదరాలంటే చలికాలం గట్టిగా ఉండాలి, వసంతంలో వానలు, మంచు కరిగిన నీళ్లు నదుల్ని నింపాలి. చలి లేకుండా, వాన లేకుండా వసంతం వస్తే మేత ముందే వచ్చి పోతుంది. పిల్ల వచ్చేసరికి విస్తరి ఖాళీ.

ఆ లెక్క ఎలా తెలుస్తుంది? మేరీలాండ్ మత్స్యశాఖవాళ్లు 1954 నుంచి ప్రతి వేసవిలో ఒక పని చేస్తున్నారు. నిర్ణయించిన 22 చోట్ల, నెలకోసారి చొప్పున మూడుసార్లు, వంద అడుగుల వల వేసి ఒడ్డుకి లాగుతారు. మన తీరంలో అలివి వల లాగినట్టే, కాకపోతే బాగా చిన్నది. అందులో ఆ ఏడు పుట్టిన చారల పిల్లలెన్నో లెక్కపెడతారు. లాగుడుకి సగటున పదకొండు పిల్లలు పడితే మామూలు ఏడాది.

1996లో సగటు 59.4. పండగే! 2001లో 50.8. 2011లో 34.6. 2015లో 24.2. ఇవన్నీ మంచి సంవత్సరాలే, కానీ వరసగా చూస్తే ఒక్కో మెట్టూ కిందికే. 2018లో 14.8. ఆ తర్వాత ఒక్క ఏడు కూడా సగటును అందుకోలేదు. 2019లో 3.4, 2023లో మరీ ఘోరంగా 1.0, 2024లో 2.0.

ఇంకో సంగతి. ఈ చేప తాపీగా పెరుగుతుంది. 28 అంగుళాలు రావడానికి ఏడేళ్లు, యాభై పౌండ్లు తూగాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు. ముప్ఫై పౌండ్లు దాటినవి దాదాపు అన్నీ ఆడవే. ఆరేళ్ల ఆడచేప ఐదు లక్షల గుడ్లు పెడితే, పదిహేనేళ్లది ముప్ఫై లక్షలకు పైగా పెడుతుంది. గోడకి తగిలించుకునే ఆ 'ట్రోఫీ' చేపే నదికి పెద్ద ముత్తైదువ! దాన్ని పట్టి ఫొటో దిగి ఇంటికి తెచ్చుకుంటే పోయేది ఒక్క చేప కాదు.

వదిలేసినా చావే!

ఇంతకీ దీన్ని ఎవరు ఎక్కువగా చంపుతున్నారు? పెద్ద పడవలవాళ్లు అనుకుంటారు ఎవరైనా. 2017 లెక్కలు తీస్తే, వేట వల్ల చచ్చిన చారల చేపల్లో దాదాపు 90 శాతం సరదాకి గాలం వేసేవాళ్ల ఖాతాలోనే పడ్డాయి. అందులోనూ సగానికి పైగా, మొత్తం చావుల్లో 48 శాతం, పట్టి మళ్లీ నీళ్లలో వదిలేసిన చేపలు! వదిలిన ప్రతి వందలో తొమ్మిది చస్తాయని నిపుణుల అంచనా. తొమ్మిదే కదా అనిపిస్తుంది. పట్టి వదిలేవి ఏటా కోట్లలో ఉంటే ఆ తొమ్మిదే లక్షలవుతాయి. కొక్కెం గొంతులో దిగడం, వేసవిలో వేడెక్కిన నీళ్లలో చాలాసేపు పెనుగులాడి అలిసిపోవడం, పైన ఫొటోల కోసం గాల్లో పట్టుకోవడం... చేపకు ఊపిరాడదు. జీవకారుణ్యం అనుకుని చేసిన పనికి ఇదీ ఫలితం.

2019లో వెలువడిన నివేదిక అసలు సంగతి తేల్చింది. గుడ్లు పెట్టే ఆడచేపల మొత్తం బరువు ప్రమాద రేఖ 20.2 కోట్ల పౌండ్లయితే, 2017 నాటికి ఉన్నది 15.1 కోట్లే. అప్పుడు కదిలింది అట్లాంటిక్ తీర రాష్ట్రాల మత్స్య కమిషన్. సముద్రంలో పట్టిన చేప 28 నుంచి 35 అంగుళాల లోపు ఉంటేనే ఇంటికి తీసుకెళ్లాలని 2020లో నిబంధన పెట్టింది. ఎర వాడితే గొంతులో దిగకుండా పెదవి పక్కన చిక్కే గుండ్రటి కొక్కెమే వాడాలంది. కానీ 2022లో 2015 నాటి పిల్లలు సరిగ్గా ఆ కొలతకి ఎదిగాయి. ఇళ్లకు వెళ్లిన చేపలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు రెట్టింపు! 2023లో ఉన్నపళంగా పై హద్దును 31 అంగుళాలకు తగ్గించారు. రోజుకి మనిషికి ఒక్కటే.

చెసపీక్‌లో ఇంకా శత్రువులున్నాయి. 1970ల్లో వర్జీనియా నదుల్లో సరదా వేట కోసం వదిలిన నీలి క్యాట్‌ఫిష్, అంటే మన జెల్ల జాతిది, ఇప్పుడు అఖాతమంతా పాకి పిల్ల చేపల్ని తింటోంది. చారల చేపకి ఇష్టమైన మేత మెన్‌హేడెన్, మన కవళ్లలాంటి నూనె చేప. నూనెకీ దాణాకీ దాన్ని వర్జీనియాలో టన్నులకొద్దీ పడుతున్నారని గాలంవాళ్ల కోపం. 2017లో అఖాతం వరకు ఏడాదికి 51,000 టన్నుల పరిమితి పెట్టారు. దీని పాలు ఎంత అన్న వాదన మాత్రం తెగలేదు.

అందరూ ఒప్పుకుంటారా అంటే, లేదు. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే న్యూజెర్సీ ఎడిసన్‌ని ఆనుకునే రారిటన్ నది పారుతుంది. అది కలిసే అఖాతంలోకి వసంతంలో మెన్‌హేడెన్ గుంపుల వెంట పెద్ద పెద్ద స్ట్రైపర్లు వస్తాయి. ఆ వారం పడవ మీద ఉన్నవాడికి 'చేపలు తగ్గాయి' అని చెప్పి చూడండి, నవ్వుతాడు. మిగిలినవన్నీ మేత ఉన్నచోటే మూగితే అక్కడ ఎప్పుడూ జాతరే. ఆ వారం మిగతా తీరం ఖాళీగా ఉన్న సంగతి ఆ పడవవాడికి కనిపించదు.

2029 నాటికి ఈ చేపను మళ్లీ నిలబెట్టాలన్నది కమిషన్ పెట్టుకున్న గడువు. వేట తగ్గించడం మనుషుల చేతిలో పని. వసంతంలో నది చల్లగా, నిండుగా పారడం కాదు. 2025 వేసవిలో మేరీలాండ్ వలకు సగటున పడిన పిల్లలు నాలుగు. అంతకుముందు రెండేళ్ల కంటే నయమే. అవి 28 అంగుళాలకు ఎదిగేసరికి 2032 వస్తుంది.