ముక్కలు మారలేదు, బల్ల మారింది

నాగోల్ నుంచి మెట్రో ఎక్కితే ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ దాటాక వచ్చే స్టేషన్ హబ్సిగూడ. హబ్షీలంటే ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడి పాలకుల కొలువులో పనిచేసినవాళ్లు. వాళ్ల పేరుతోనే ఈ ఊరికి ఆ పేరొచ్చిందంటారు. ఇప్పుడు ఇక్కడి వీధులకు పేర్ల కన్నా నంబర్లే ఎక్కువ. స్ట్రీట్ నంబర్ 8లో దుకాణాల సందడి దాటి లోపలి సందుల్లోకి వెళితే మాత్రం ఒక్కసారిగా నిశ్శబ్దం. చుట్టుపక్కల ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ లాంటి పరిశోధన సంస్థలున్నాయి కదా, రిటైరైన చదువరులు ఈ వీధుల్లో బాగానే కనిపిస్తారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్లలో కొందరు ఏం చేస్తారో తెలుసా? పేక కలుపుతారు.

డబ్బుతో కాదండోయ్. తెలంగాణలో డబ్బు పెట్టి పేకాడటం నేరం. అందుకే మా అపార్ట్‌మెంట్ సెల్లారులో పందెమంతా చింతపిక్కలతోనే. మామూలుగా పదమూడు ముక్కల రమ్మీ. ముక్కలు బాగాలేకపోతే మొదట్లోనే డ్రాప్ అంటే 20 పాయింట్లు, మధ్యలో తప్పుకుంటే 40, చివరిదాకా కూర్చుని మునిగితే 80. ఈ లెక్క మన పెళ్లి విడిదుల్లో పెరిగిన ఎవరికైనా తెలిసిందే. చెత్త ముక్కలు పడేయడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. కష్టమల్లా మంచి ముక్కలు కింద పెట్టడంలోనే ఉంది.

ఆ సంగతి నాకు బాగా అర్థమైంది పోకర్ వల్ల. సెలవులకొచ్చిన ఓ ఇంజినీరింగ్ కుర్రాడు పెద్దవాళ్లకు ఆ ఆట నేర్పాడు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు. ఈ ఏడింటిలో మేలైన ఐదింటితో ఎవరి ఆట వారిది. మూడు ముక్కలాటలో 'ప్యాక్' అంటామే, దాన్నే ఇక్కడ 'ఫోల్డ్' అంటారు.

ఆ రోజు అతని అమ్మమ్మగారికి ఆఠీను ఆసు, ఆఠీను పది వచ్చాయి. ఆవిడ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. బల్ల మీద మొదట పడ్డ మూడు ముక్కలు ఆఠీను రాజు, ఏడు, రెండు. అంటే ఐదూ ఆఠీన్లే, పైగా ఆసుతో కలర్. ఆ క్షణాన ఆవిడను ఓడించే ముక్కలు ఎవరి దగ్గరా ఉండే వీల్లేదు. నాలుగో ముక్కగా కళావరు రాజు, ఐదో ముక్కగా ఇస్పేటు ఏడు పడ్డాయి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒక్క మాటా మాట్లాడకుండా, మధ్యలో ఎన్ని చింతపిక్కలున్నాయో అన్నీ, అరవై, ముందుకు తోశారు.

ఆవిడ ఒక నిమిషం చూసి ముక్కలు బోర్లించేశారు. తర్వాత మనవడికి అవేమిటో చూపిస్తే వాడు లబలబలాడాడు.

"అమ్మమ్మా! ఆసు కలర్ పడేశావేంటి?"

"నా ముక్కలు మంచివే రా. బల్ల మీద ఏం పడ్డాయో చూడు."

చూద్దాం. బల్ల మీద రెండు రాజులు, రెండు ఏడులు, ఒక రెండు. ఎదుటి మనిషి దగ్గర ఒక రాజు ఉన్నా, ఒక ఏడు ఉన్నా, లేదా రెండు రెళ్లున్నా అది ఫుల్‌హౌస్. కలర్ దాని ముందు నిలవదు. లెక్కేస్తే, కనబడని 45 ముక్కలతో 990 జతలు వస్తాయి. వాటిలో ఆవిడను ఓడించేవి 173. అంటే 17, 18 శాతం మధ్య. మరి పందెం సంగతి? అరవై పెడితే గెలిచేది నూట ఇరవై. కాబట్టి మూడుసార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. కాగితం మీద చూస్తే ఆడటమే సరి!

అయితే ఆ 173 లెక్క ఆయన పందెం కాయకముందుది. ఎన్నో ఆదివారాలుగా ఆయన ఒట్టి చేత్తో ఒక్కసారీ బెదిరించలేదు. అలాంటి మనిషి, ఏడు జతపడ్డ మరుక్షణం ఉన్నవన్నీ తోశాడంటే ఆ 990 జతల్లో చాలావాటిని కొట్టేయాల్సిందే. ఇదే పందెం మనవడు కాసి ఉంటే ఆవిడ నవ్వుతూ "షో" అనేవారు. ముక్కలు అవే అయినా, పందెం కాసిన మనిషిని బట్టి జవాబు మారింది.

ఆయన దగ్గర నిజంగా ఏముందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అడిగితే చెప్పరు, చూపించరు. అదే ఈ ఆటలో అసలు బాధ. సరిగ్గా తప్పుకున్నవాడికి సరిగ్గానే తప్పుకున్నావని చెప్పేవాళ్లుండరు.

ఆ టేబుల్ దగ్గరే బోరు పాయింట్లు చూసిన అనుభవమున్న మరో పెద్దాయన అందుకున్నారు. "మన రైతు కథే ఇది. మనది రాతి నేల. నీళ్లుండేది పైపొరలో, రాతి పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. సర్వేలో పాయింటు భేషుగ్గా వస్తుంది. మూడొందల అడుగుల దగ్గర పొడి దుమ్ము లేస్తుంది. అయినా పాయింటు మంచిదన్నారు కదా, ఇంకో వంద అడుగులు వెయ్యి అంటాడు. పాయింటు వచ్చింది దుమ్ము లేవకముందు. ఇప్పుడు చూడాల్సింది దుమ్మునే."

హబ్సిగూడ నుంచి మెట్రోలో కొద్ది స్టేషన్ల దూరంలోనే సికింద్రాబాద్. అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద 1963లో పోలీసులు దాడి చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ మూడు ముక్కలాటలా కేవలం అదృష్టం కాదని, పడే ముక్కలను గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియడానికి నేర్పు కావాలని 1967లో కోర్టు తేల్చింది. పారేయడం కూడా నేర్పే అని దేశంలోని అతిపెద్ద న్యాయస్థానం ఒప్పుకున్నట్టే కదా!

ఆ నేర్పును నమ్ముకుని ఫోన్లలో ఇళ్లు గుల్ల చేసుకున్నవాళ్ల కథలు పెరిగాక 2017లో తెలంగాణ ప్రభుత్వం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు ఆటల మీద చట్టం చేసింది. చట్టాలు ఎన్నొచ్చినా మన నోట్లో ఒక సామెత నలుగుతూనే ఉంది: పోయినచోటే వెతుక్కోవాలి. పేకాట విషయంలో ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా లేదు. ధర్మరాజు మొదటి జూదంలో పోగొట్టుకున్నదంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. రెండోసారి పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. అడవి దారి పట్టించింది ఆ రెండో ఆటే.

అలాగని ప్రతి పందేనికీ జడిసి ముక్కలు పారేస్తే ఎదుటివాళ్లు రోజూ బెదిరిస్తారు. అందుకే ఈసారి పెళ్లి విడిదిలో చింతపిక్కలతో ఆడుతున్నప్పుడు మంచి ముక్కలొస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. నా ముక్కలు చూసి మురిసినప్పటికీ ఇప్పటికీ బల్ల మీద ఏం మారింది? ఈ పందెం కాస్తున్న మనిషి ఊరికే కాసే రకమేనా? ఇంతకుముందు పెట్టింది పూర్తిగా మర్చిపోతే, ఇప్పుడు కొత్తగా ఇంత పెడతానా? మూడో ప్రశ్నకు జవాబు ఆలస్యమవుతోందంటే, ముక్కలు బోర్లించి కాసిని మంచినీళ్లు తాగి రండి.