పాతసామాను, కొత్తమెఱుగు

పాతవస్తువు చేతికి వచ్చినప్పుడు గృహస్థుల మనస్సులు రెండు త్రోవల బోవుచుండును. దానిని తోమించి, అతుకులు వేయించి, మెఱుగు పెట్టించి క్రొత్తదానివలె జేయవలెనని కొందఱందురు. చేయి సోకనీయక ఉన్నదానిని ఉన్నట్లే యుంచవలెనని కొందఱందురు. ఇరుతెగలవారును ఆ వస్తువును గౌరవించుచున్నామనియే తలంతురు. ఇది ధనికుల విలాసవివాదమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఓరుగల్లు ప్రాంతమున అటుకమీద రాగి యిత్తడి సామానులేని పాతయిల్లు అరుదు. కావున ఇది మన యింటింటి ప్రశ్నయే.

మన పెద్దలు జీర్ణోద్ధరణమును పుణ్యకార్యముగా నెంచిరి. పడిపోవుదానిని నిలువబెట్టుట పుణ్యమే, సందేహము లేదు. కాని ఆ పేరిట ఎన్ని గుళ్ల గోడలమీది శాసనములు సున్నపుపూతలక్రింద మఱుగుపడినవో, ఎన్ని శిల్పముల ముఖములు రంగులచే మొద్దువాఱినవో పల్లెలు తిరిగినవారెఱుగుదురు. భక్తియైనను సత్యమును గప్పివేసినచో నది యుద్ధరణము కాజాలదు.

ముందుగా ఇత్తడి మాట. జనగామకు సమీపముననున్న పెంబర్తి గ్రామము ఈ పనికి పేరుపొందినది. రేకును సుత్తితో సాగగొట్టి, దానిమీద లతలను, దేవతామూర్తులను ఉబ్బెత్తుగా దీర్చుట అచటి పనివారి విద్య. ఆ సుత్తిదెబ్బల జాడయే పనివాని చేవ్రాలు. అట్టి వస్తువును మెఱుగుచక్రమున కొత్తినచో అద్దమువలె మెఱయును గాని చేవ్రాలు చెఱిగిపోవును. చింతపండుతో మితిమీఱి తోమినను నష్టము గలదు. ఇత్తడి రాగియు యశదమును గలసిన లోహము. పులుపు ఎక్కువసేపు నిలిచినచో యశదము ముందుగా గరగి, పైని రాగిఛాయ తేలును. నాణెముల విషయమును ఇట్టిదే. చార్మినారు గుర్తుగల నిజాము నాణెములను బూడిదతో తోమి మెఱయించి అమ్మజూపువారు గలరు. తెలిసిన సేకర్త లట్టివానికి వెల తగ్గింతురు. ఏలయన తోముటచే ముద్రలోని సన్నని గీతలు అరిగిపోవును.

మా యింట ఒక ఇత్తడిబిందె గలదు. మా తాతమ్మకు పుట్టినింటివారు సారెగా నిచ్చినది. దాని మెడమీద చుక్కచుక్కగా గొట్టిన యక్షరములలో ఆమె పేరును, ఊరిపేరును గలవు. ఆమెకు చదువు రాదు. ఆమె ఛాయాచిత్రము లేదు. పొలము కాగితములలో భర్తపేరు గలదు, కొడుకుల పేర్లు గలవు. ఆమెపేరు ఎందును గానరాదు. ఈ లోకమున ఆమె యొకతె యుండెననుటకు మాకు మిగిలిన వ్రాతసాక్ష్యము ఆ బిందెమెడ యొక్కటియే. ఒక వర్తకుడు దానిని జూచి, “ఈ గీతలు తీయించి మెఱుగు పెట్టించినచో రెట్టింపు వెల వచ్చును” అనెను. అతని కవి గీతలు! స్త్రీవిద్యను గూర్చి ఇన్ని యేండ్లుగా మాటలాడుచున్న మనము, చదువురాని స్త్రీకి మిగిలిన యొక్క వ్రాతను మెఱుగుకొఱకు చెఱుపుకొందుమా?

ఈ మాట మా చెల్లెలితో ననగా నామె, “అన్నయ్యా, నీ నీతి అద్దాలబీరువాకు సరిపోవును. నేను గుండిగలో పులుసు కాచవలెను. కళాయి పోయినదానిని ముట్టవద్దందువా?” అనెను. ఆమె పలికినది న్యాయము. కళాయి లేని పాత్రలో పులుపు వండినచో లోహము వంటలో దిగి ప్రాణమునకు ముప్పు తెచ్చును. వాడుకలోనున్న పాత్రకు తగరము పూయించుట దాని బ్రదుకులోని భాగమే. అట్లే, కంచుమీదను రాగిమీదను కాలక్రమమున ఏర్పడిన గట్టి నల్లనిపొర లోహమునకు కవచము, దానిని గీకరాదు. లేతపచ్చని పొడి రాలుచున్నచో నది ఉప్పును తేమయు గలసి లోహమును దినివేయు రోగము. దానిని తెలిసినవారిచే మాన్పింపవలెను. కవచమేదో, రోగమేదో యెఱుగక తోమువాడును తోమనివాడును సమానముగా చెఱుపుదురు.

చేర్యాల నకాషీ పటముల సంప్రదాయము ఇంకొక కోణము చూపును. గుడ్డకు సుద్దమట్టియు, చింతగింజల జిగురును పట్టించి వ్రాసిన ఆ పటములను విప్పి చూపుచు గాయకులు కులపురాణములు చెప్పుదురు. పటము జీర్ణించినచో క్రొత్తది వ్రాయించుకొని పాతదానిని నదిలో విడుచుట వారి యాచారము. కథ నిలిచినచాలును, గుడ్డ పోయినను సరే యనుట వారి మతము. కథ చెప్పువారును, వ్రాయువారును విరివిగా నున్న కాలమున నది లోపము కాదు. వారు తగ్గిపోయిన నేడు ప్రతి పాతపటమును సాక్షియే. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ వస్తుప్రదర్శనశాలలో అట్టివి కొన్ని భద్రపఱుపబడి యుండుట మన భాగ్యము.

పెద్దవానికిని ఇదియే న్యాయము. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో గట్టించిన వేయిస్తంభముల గుడి యెదుటనున్న కల్యాణమండపము పునాది క్రుంగుటచే 2006 ప్రాంతమున విప్పబడి, 2024 మార్చిలో మరల దర్శనమునకు దెఱువబడినది. పాతరాళ్లనే నిలిపి, పాడైనచోట క్రొత్తవి చేర్చిరి. విప్పకున్నచో కూలియుండెడిదే. కాని విప్పినదానిని నిలుపువారిపై నొక ఋణము గలదు. వెనీసు నగరమున 1964లో సమావేశమైన నిపుణులు దానిని నియమముగా జేసిరి: ఊహ మొదలైనచోట పునరుద్ధరణము ఆగవలెను, క్రొత్తభాగము మొత్తముతో పొందికగా నుండియు, పాతదానినుండి వేఱని తెలియునట్లుండవలెను.

గృహమునకు సరిపడునట్లు దీనిని నేనిట్లు చెప్పుకొందును. వాడుకవస్తువును బాగుచేయుడు; అతుకును దాచకుడు. సాక్షివస్తువును కాపాడుడు, దాని నోరు మూయకుడు. మరల తీసివేయుటకు వీలుకాని పనిని తొందరపడి చేయకుడు. చదువరులారా, ఈ పండుగకు సామాను దింపినప్పుడు తోముటకు ముందు పాత్రల మెడలను దీపమువద్ద త్రిప్పి చూడుడు. కనబడిన పేర్లను ఒక పుస్తకమున వ్రాసికొనుడు. అందు పెక్కు స్త్రీల పేర్లే యుండును. ఆ పేర్లు మఱియొకచోట వ్రాయబడియుండవు.