ఒక్క కౌంటర్ దగ్గర

చిన్న విమానాశ్రయంలో తనిఖీ దాటాక ఉండేది ఒకటే హాలు. ఆ హాల్లో ఓ మూల తినుబండారాల కౌంటర్, చాలాచోట్ల అదీ ఒక్కటే. ధర నచ్చకపోతే పక్క కొట్టుకు పోదామంటే పక్క కొట్టు ఉండదు. బయటి బడ్డీ కొట్టుకు వెళ్లొద్దామంటే కుదరదు. అందుకే అక్కడి టీ ధర నాకు చిన్న విషయంగా తోచదు.

ఒకసారి నా ముందు నిలబడ్డ పెద్దావిడ, "బాబూ, టీ ఎంత?" అని అడిగింది.

"నూట ఇరవై అమ్మా."

"వద్దులే నాయనా, ఇందాకే తాగాను" అని వెళ్లి కూర్చుని, సంచిలోంచి మరచెంబు తీసి రెండు గుక్కల నీళ్లు తాగింది.

2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకూ విమానాలు నడపాలని తెచ్చిన ఉడాన్ పథకం కింద మొదటగా ఎగిరిన విమానాల్లో కడప-హైదరాబాద్ సర్వీసు ఒకటి. గంట ప్రయాణానికి కొన్ని సీట్ల ధర 2,500 రూపాయలు దాటకూడదన్నారు. రాత్రి బస్సుల్లో ఒళ్లు హూనం చేసుకునేవాళ్లు విమానం ఎక్కాలన్నదే ఆ ఆలోచన. మంచి ఆలోచనే. అయితే టికెట్టుకు పెట్టిన హద్దు టీ దాకా రాలేదు.

కౌంటర్ నడిపేవాళ్ల కష్టమూ చూడాలి. లైసెన్సు రుసుము కట్టాలి. విమానానికి ముందు గంటసేపే బేరం. ఆ తర్వాత హాలంతా ఖాళీ. పొద్దున తెచ్చిన సమోసా సాయంత్రానికి మెత్తబడుతుంది. వేడినీళ్లు పోస్తే తయారయ్యే కప్పు ఉప్మా అయితే నెలలు నిలవుంటుంది గనక దానికే మొగ్గు. ఇవన్నీ నిజాలే. కానీ ఆ భారమంతా గుక్కెడు టీ మీద మోపడం న్యాయం కాదు. రుసుము తగ్గించి, టీకీ నీళ్లకూ ధర కట్టడి చేయవచ్చు.

కుదరదనడానికి లేదు. 2024 డిసెంబర్‌లో మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు కోల్‌కతా విమానాశ్రయంలో ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచారు. టీ 10 రూపాయలు, నీళ్ల సీసా 10, కాఫీ 20, సమోసా 20. పెద్ద విమానాశ్రయంలో సాధ్యమైంది చిన్నచోట్ల ఇంకా ముందు జరగాలి. ఆ పెద్దావిడలాంటి వాళ్లు ఎక్కేది అక్కడే కదా!

నాది ఇంకో కోరిక. ఆ ఊరి రుచి ఆ కౌంటర్‌లో ఉండాలి. కడపలో కారం దోసె, రాజమండ్రిలో చల్లని రోజ్‌మిల్క్, తాపేశ్వరం కాజా. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాటిని చేతిసంచిలో పట్టే చిన్న అట్టపెట్టెల్లో, నలగకుండా సర్ది, ఊళ్లో అమ్మే ధరకే అమ్మాలి.