వేలూరు దారిలో డీజిలు

మా ప్రాంతపు సంఘాలలో "వేలూరు వెళ్తున్నాం, ప్రార్థన చేయండి" అనే మాట వినబడని ఆదివారాలు తక్కువ. గుండె జబ్బనో, మూత్రపిండాలనో, ఇక్కడి డాక్టర్లకు అంతు చిక్కని జ్వరమనో ఒంగోలు వైపు నుండి ఎవరో ఒకరు ఆ దారి పడుతూనే ఉంటారు. రైలులో కాట్పాడి వరకు పోయి దిగేవారే ఎక్కువ. అయితే లేవలేని రోగిని రైలు ఎక్కించి దించడం కష్టం గనుక, ఈమధ్య చాలామంది కారు మాట్లాడుకొనో, బంధువుల బండి అడిగి తీసుకొనో రోడ్డు మీదనే బయలుదేరుతున్నారు. ఆ బండ్లలో చాలావరకు డీజిలు బండ్లే. ఆ దారిని గూర్చి, ఆ దారిలో డీజిలు పోయించుకొనే సంగతిని గూర్చి నాకు తెలిసినది వ్రాస్తున్నాను. అందులో కొంత నా తప్పు వలన తెలిసినది.

ఒంగోలు నుండి వేలూరు సుమారు 370 కిలోమీటర్లు. 16వ నంబరు జాతీయ రహదారి మీద సింగరాయకొండ, కావలి, నెల్లూరు, గూడూరు దాటి నాయుడుపేట దగ్గర కుడి వైపుకు తిరగాలి. అక్కడి నుండి శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు, ఆ తరువాత కాట్పాడి మీదుగా వేలూరు. నాయుడుపేట వరకు పెద్ద రోడ్డు, బంకులకు కొదువ లేదు. కాని నడుమ డివైడరు ఉంటుంది గనుక అవతలి వైపు బంకు ఎంత దగ్గరగా కనబడినా మనకు పనికిరాదు. మన చేతి వైపు వచ్చేదే మన బంకు. తిరుపతి దాటాక కొండలు, మామిడి తోటలు, పగలైతే చూడముచ్చటైన దారి. రాత్రి రెండు గంటలకు అదే దారిలో లైటు ఆర్పిన బంకులే ఎక్కువ. "దారిలో ఎక్కడో ఒకచోట ఉంటుందిలే" అనే ధీమా నెల్లూరు వరకే చెల్లుతుంది.

2023 ఫిబ్రవరిలో మా అమ్మను ఆ దారిన తీసుకొని వెళ్ళాను. గుండెలో కవాటం సరిగా మూసుకోవడం లేదని ఒంగోలులో చెప్పారు. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నిద్ర లేదు. అపాయింట్‌మెంటు మరునాడు ఉదయం ఎనిమిదిన్నరకు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. రాత్రి ఎనిమిది గంటలకు బయలుదేరాం. బండి నాది, పదేళ్ళ నాటి డీజిలు బండి. అమ్మ వెనుక సీటులో దిండ్లు ఆనుకొని కూర్చుంది. పక్కన నా భార్య. ముందు నాతో మా బావమరిది.

డీజిలు ఎక్కడ కొట్టించాలో ఇంటి దగ్గరే లెక్క వేసుకున్నాను. మన ఆంధ్రలో పన్నులు ఎక్కువ గనుక అప్పట్లో తమిళనాడులో డీజిలు లీటరుకు సుమారు నాలుగు రూపాయలు తక్కువ. యానాం దగ్గరలోని కాకినాడ వారికి ఈ లెక్క బాగా తెలుసు. ఆ దారిని పోయే లారీ వారందరూ సరిహద్దు దాటేదాకా ఓర్చుకొని అవతల ట్యాంకు నింపుకుంటారు. నేనూ అదే చేద్దామనుకున్నాను. ముల్లు సగం కంటే కొంచెం పైన ఉంది. ట్యాంకు 55 లీటర్లు, లీటరుకు పన్నెండు కిలోమీటర్లు వస్తుంది, చాలునన్నది నా లెక్క. మా బావమరిది నెల్లూరు దగ్గర ఒకసారి, శ్రీకాళహస్తి దగ్గర మరొకసారి, "బావా, కొట్టిద్దామా?" అని అడిగాడు. "ఎందుకు, అవతల చవక" అన్నాను.

నా లెక్కలో రెండు పొరపాట్లు. మొదటిది, పాత బండ్లలో ముల్లు పై సగం నెమ్మదిగా దిగుతుంది, కింది సగం తొందరగా దిగుతుంది. ముల్లును చూసి ఇన్ని లీటర్లు ఉన్నవని చెప్పడం తూకం లేకుండా ధాన్యం కొన్నట్లే. రెండవది, అమ్మకు ఉక్కగా ఉన్నదని దారి పొడవునా ఏ.సి. వేశాను. పన్నెండు పదిన్నర అయింది. చిత్తూరు ఊరి లోపల ఒక బంకు లైట్లు వెలుగుతూ కనబడినవి. ఇంకా ముప్పై అయిదు కిలోమీటర్లే కదా, సరిహద్దు అంతకంటే దగ్గర కదా అని ఆపలేదు.

గుడిపాల దాటిన తరువాత బండి ఒక్కసారి దగ్గినట్లయింది. మళ్ళీ ఒకసారి. ఆ తరువాత ఆగిపోయింది. తెల్లవారుజామున మూడు గంటల పది నిమిషాలు.

పెట్రోలు బండి ఆగితే సీసాడు పెట్రోలు పోసి కదిలించవచ్చు. డీజిలు బండి సంగతి వేరు. ట్యాంకు ఖాళీ అయ్యేసరికి గొట్టాలలో గాలి చేరుతుంది. ఆ గాలి తీయనిదే, డీజిలు పోసినా ఇంజను అందుకోదు. ఇది నాకు పుస్తకంలో ఉన్నట్లు తెలుసు. అయినా కంగారులో నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాను. ఏ.సి. లేదు, అద్దాలు దించాము, దోమలు. అమ్మ ఆయాసం చీకటిలో వినబడుతోంది. బుద్ధిగల కన్యకలను గూర్చి, వారి నూనెను గూర్చి మా సంఘంలో నేనే ఒకసారి స్త్రీల కూటమిలో మాట్లాడియున్నాను. ఆ రాత్రి బండిలో అది అందరికీ గుర్తు వచ్చే ఉంటుంది, ఎవరూ అనలేదు.

కొంతసేపటికి అమ్మే అడిగింది. "ఒరేయ్ పెద్దోడా, ఎంత మిగులుతుందని ఆగావురా?"

"నూట అరవై రూపాయలమ్మా."

ఆమె మరేమీ అనలేదు. నా భార్య విసనకర్రతో విసురుతూనే ఉంది.

రెండు లారీలు ఆపకుండా పోయినవి. వాటిని తప్పు పట్టను, ఆ వేళప్పుడు నేనైనా ఆపను. నాలుగున్నరకు చిత్తూరు వైపు నుండి పాల వ్యాను ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి లోపలికి తొంగిచూశాడు. "ఎవురు, అవ్వా? ఒంట్లో బాలేదా?" అన్నాడు. సంగతి చెప్పాను. "గాలి పట్టింటాది సార్. సెల్ఫ్ కొట్టొద్దు, బ్యాటరీ పోతాది" అని, చేనులో ఇంజను కోసం తీసుకుపోతున్న ఐదు లీటర్ల డబ్బా దించాడు. డీజిలు పోసి బానెట్ ఎత్తి ఫిల్టరు దగ్గరకు వెళ్ళాడు. ఫిల్టరు పైన చిన్న మర ఉంటుంది, దానిని కొంచెం వదులు చేశాడు. పక్కనే ఉన్న చేతి పంపును బొటనవేలితో నొక్కుతూ పోయాడు. ముందు నురుగు వచ్చింది, తరువాత బుడగలు, ఆ తరువాత బుడగ లేని డీజిలు. అప్పుడు మర బిగించి ఇంకొంచెం నొక్కాడు, పంపు గట్టిపడింది. "ఇప్పుడు కొట్టండి" అన్నాడు. మూడవసారికి అందుకుంది. ఇప్పటి కొత్త బండ్లలో కొన్నిటికి ఈ చేతి పంపు ఉండదు. తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆఫ్ చేస్తే లోపలి కరెంటు పంపే లాగుతుంది. మీ బండి ఏ రకమో ఇంటి దగ్గరే మెకానిక్కును అడిగి తెలుసుకొనండి.

ఐదు వందలు ఇస్తే లెక్క చూసి, "ఆంధ్రా రేటే సార్" అని నవ్వుతూ చిల్లర తిరిగి ఇచ్చాడు. అంతకు మించి పైసా తీసుకోలేదు.

సరిహద్దు దగ్గర తమిళనాడు వైపున వచ్చే ఊరి పేరు క్రిస్టియన్‌పేట. ఆ పేరు చదివి మన వాళ్ళు సంతోషపడుతుంటారు. ఆ దారిలోనే నేను లెక్క వేసుకున్న చవక బంకు దీపాలతో వెలిగిపోతూ ఉంది. దాని ముందు నుండే పోయాను. ఆపడానికి మనసు రాలేదు.

ఆ తరువాత ఎన్నోసార్లు ఆ దారిన తిరిగాను. ఇప్పుడు నేను పాటించేది ఒక్కటే. రోగి బండిలో ఉంటే ముల్లు సగానికి వచ్చినప్పుడు ట్యాంకు ఖాళీ అయినట్లే. రాత్రి ప్రయాణమైతే నాయుడుపేట మలుపుకు ముందే నింపుతాను. ధరలు 2017 జూన్ 16 నుండి రోజూ ఉదయం ఆరు గంటలకు మారవచ్చు గనుక పైసలు చూసుకొనేవారు చూసుకోవచ్చు, అది కూడా ఆరోగ్యవంతులు మాత్రమే బండిలో ఉన్నప్పుడు.

బంకు దగ్గర బండిలో కూర్చొని కిటికీలో నుండి డబ్బు ఇవ్వకండి, దిగండి. మీటరులో సున్నా చూడండి, బిల్లు అడగండి. కొలత మీద అనుమానం వస్తే ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మనకుంది. తేడా 25 మిల్లీలీటర్లకు మించకూడదు. ఫిల్టరు కాగితం పరీక్ష పెట్రోలుకే, డీజిలుకు కాదు, డీజిలు ఎలాగైనా మరక చేస్తుంది. డీజిలుకు నురుగు ఎక్కువ. అందుచేత గన్ను మొదటిసారి టక్కున ఆగినంత మాత్రాన ట్యాంకు నిండినట్లు కాదు. నురుగు దిగే వరకు ఆగి ఇంకొంచెం పోయించవచ్చు, అయితే మూత వరకు పోయించకూడదు. ట్యాంకరు దించుతున్న బంకులో నేను ఆగను, అడుగున ఉన్న మడ్డి కదులుతుందని మా మెకానిక్కు చెప్పాడు. తుఫాను వానల తరువాత నెల్లూరు తీరంలో నీటి భయం కూడా ఉంది. నీరు బరువు గనుక డీజిలు అడుగున నిలుస్తుంది. ఫిల్టరు కింద నీరు వదిలే మర ఉంటుంది, వానాకాలంలో దానిని చూపించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, గన్ను పెట్టకముందే "డీజిలు" అని పెద్దగా చెప్పడం. డీజిలు గన్ను మూతి లావు, పెట్రోలు ట్యాంకులో సరిగా దూరదు. పెట్రోలు గన్ను సన్నం, డీజిలు ట్యాంకులో హాయిగా దూరిపోతుంది. మా బంధువుల బండికి ఇలాగే జరిగింది, ఏ బంకు అన్నది ఇక్కడ అనవసరం. వారు చేసిన మంచి పని తాళం తిప్పకపోవడం. బండిని పక్కకు నెట్టించి ట్యాంకు మొత్తం తీయించారు, ఒక పూట పోయింది. స్టార్టు చేసి ఉంటే పెట్రోలుకు జిడ్డు లేదు గనుక పంపు, ఇంజెక్టర్లు అరిగి బండి ఖరీదులో పెద్ద భాగం పోయేది. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన డీజిలు బండ్లు కొన్నిటికి యూరియా ద్రావణం పోసే వేరే చిన్న ట్యాంకు, నీలి మూతతో ఉంటుంది. దానిని డీజిలు ట్యాంకులో పోస్తే అదీ పెద్ద నష్టమే. అది అయిపోతే కొన్ని బండ్లు ఆపిన తరువాత మళ్ళీ స్టార్టు కావు. జాతీయ రహదారి మీద ఎక్కడ ఆగిపోయినా 1033కి ఫోను చేయవచ్చు. ఆ రాత్రి నాకు ఆ నంబరు తెలియదు.

వేలూరు చేరేసరికి తెల్లవారింది. 1900లో ఇడా స్కడర్ దొరసాని ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇప్పుడు ఒక ఊరంత ఉన్నది. ఆ వీధులలో, లాడ్జీలలో తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది, భయపడవలసిన పని లేదు. కొన్ని విభాగాలు రాణిపేట ఆవరణలో ఉన్నవి గనుక అపాయింట్‌మెంటు కాగితంలో ఏ ఆవరణ అని ఉన్నదో బయలుదేరే ముందే చూసుకొనండి. మేము ఎనిమిదిన్నర వరకు ఆగలేదు, అమ్మను నేరుగా అత్యవసర విభాగానికే తీసుకొని వెళ్ళాము. ఆక్సిజను పెట్టి, చిన్న వయసు డాక్టరమ్మ నన్ను అడిగింది, "ఆయాసం ఎప్పటి నుండి ఎక్కువైంది?" అని. మూడు గంటల పది నిమిషాల నుండి అని చెప్పాను. అంత కచ్చితంగా ఎలా తెలుసునని ఆమె అడగలేదు.

తొమ్మిది రోజులు ఉంచి, మందులు మార్చి పంపారు. ప్రభువు కృపను బట్టి అమ్మ మాతోనే ఉంది. తిరుగు ప్రయాణంలో కాట్పాడి దగ్గర ట్యాంకు నింపాను. నాయుడుపేట, నెల్లూరు దాటి కావలి దగ్గరకు వచ్చేసరికి ఎడమ వైపున ఒక బంకు కనబడింది.

"ఆపు" అంది అమ్మ.

"సగం పైన ఉందమ్మా. ఇంకో గంటలో ఇంటికి పోతాం."

"ఆపమన్నానా" అంది.